ఎదురు స్టాలు

అమ్ముడుపోని పాచికల సంచులను రంగుల వారీగా కట్టలు కట్టాలి. బల్ల మీది గుడ్డను దులిపి మరీ మడతపెట్టాలి, దులపకపోతే ఎవరో తిన్న బిస్కెట్ల పొడి ఇంటిదాకా వస్తుంది, నాన్న దాన్ని ఒకసారి విదిలించి చూసి ఏమీ అనకుండా ఉతకడానికి వేస్తాడు, ఆ ఏమీ అనకపోవడమే భరించలేం. కత్తుల బాబాయి దగ్గర తెచ్చిన కరెంటు వైరు చుట్టి తిరిగి ఇచ్చేయాలి. బ్యానరు విప్పడానికి నిచ్చెన కావాలని అందరికంటే ముందు అడగాలి. నాడాలు ఊడిన సంచులను విడిగా పెట్టుకోవాలి. గుండీల డబ్బా మూత గట్టిగా బిగించి పెట్టె అడుగున సర్దాలి. రేపు ఆఫీసుకు వేసుకునే బట్టలు ఇస్త్రీ చేయలేదన్న సంగతి దారిలో గుర్తుకు తెచ్చుకోవాలి. ఎదురు స్టాలు గురించి మేళా నడిపే మేడంగారికి ఏదో ఒకటి చెప్పాలి.

చివరిది తప్ప మిగిలినవన్నీ చేతులతో అయిపోయే పనులు. అందుకే కాబోలు ఆ చేతులతో అయ్యే పనులన్నీ అక్కడే వదిలేసి నేను ఎదురు స్టాల్లోకి వచ్చి కూర్చున్నాను. ఇది నా స్టాలు కాదు. ఇందులో సరుకు లేదు. ఈ ఆటల మేళావాళ్లు ఇచ్చిన ఖాళీ బల్ల, దాని మీద వాళ్లే పరిచిన తెల్ల గుడ్డ, బల్ల వెనక ఒక మడత స్టూలు, స్టూలు మీద నేను. ఈ మూడు రోజులూ ఇది ఇలాగే ఉంది, పెళ్లిభోజనాల్లో ఎవరూ కూర్చోని విస్తరిలాగ. నిన్న కత్తుల బాబాయి, ఆయన చెక్క కత్తులూ డాళ్లూ అమ్ముతాడు, పక్క స్టాలే, తన కత్తులు నాలుగు తెచ్చి దీని మీద ఆరబెట్టబోతే నేను వద్దన్నాను. "ఎవరిదమ్మాయ్ ఇది, మీ మేనమామదా?" అన్నాడు, తెలిసి కూడా. "పాత పెట్టెలాయనది బాబాయ్, వస్తారు" అన్నాను. "వస్తే కత్తులు తీసేస్తానుగా, నన్ను పొడుస్తాడా ఏంటి?" అన్నాడు. అయినా తీసేశాడు. అతనికి నా మొహంలో ఏం కనిపించిందో.

ఇప్పుడు ఆఖరి గంట నడుస్తోంది. హాలు నిండా ఇంకా జనం. ఎత్తైన రేకుల కప్పు కింద వరసగా ఆటబల్లలు, బల్ల చుట్టూ తలలు వంచుకుని కూర్చున్నవాళ్లు, పాచికలు దొర్లుతున్న చప్పుడు. అది ఒక్క బల్ల దగ్గర వింటే గులకరాళ్లు, ఇంతదూరం నుంచి అన్నీ కలిపి వింటే రేకుల మీద వాన మొదలైనట్టు. మొదటిసారి వచ్చినప్పుడు నేను నిజంగానే పైకి చూశాను. మైకులో ఎవరో కళ్లజోడు దొరికిందని చెబుతున్నారు, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి ఆనవాలు చెప్పి తీసుకోవాలట. కళ్లజోడు పోయినవాళ్లు దారి వెతుక్కుంటూ ఎలా వస్తారో. ఇది పాత పెట్టెలాయన అనాల్సిన మాట. ఇలాంటివి ఆయన అనేవారు, నడవాకు అటువైపు నుంచి, కొంచెం గొంతు పెంచి, పెట్టెలోంచి తల ఎత్తకుండా. నేను నవ్వితే మాత్రం తల ఎత్తేవారు. ఈ మూడు రోజుల్లో నేనే అటువైపు మాటలు కూడా అనుకుంటున్నాను, నేనే నవ్వుతున్నాను. ఒక్కరే కూర్చుని రెండువైపుల పావులూ కదుపుకునేవాళ్లు ఉంటారు చూడండి, అలాగ.

పొద్దున మేడంగారు వచ్చారు. ఈ హాల్లో ఎవరి స్టాలు ఎక్కడో పటం గీసేది ఆవిడే. ప్రతి మేళా చివరి రోజున ఆ పటం పట్టుకుని తిరిగి, వచ్చేసారి ఇదే చోటు కావాలా అని ఒక్కొక్కరినీ అడుగుతారు. ఉన్నవాళ్లు నోటితో చెప్పాలి. లేనివాళ్ల చోటు ఇంకొకరికి పోతుంది. "పోయినసారి మీ మాట మీద ఎదురు స్టాలు ఆపాను. ఆయన రాలేదు, కబురూ లేదు. నాకేం అభ్యంతరం లేదమ్మా, కానీ ఆ రంగుల అమ్మాయి చెత్త డబ్బాల వైపు కూర్చుని మూడు మేళాలైంది. సాయంత్రం మూసేలోపు మళ్లీ వస్తాను, ఉంటారో లేదో మీరే చెప్పండి" అన్నారు. మీరే చెప్పండి అట. ఆయన గురించి నేను చెప్పాలట. ఆవిడకు అది మామూలు సంగతి. ఎదురెదురు స్టాళ్లవాళ్లం కదా.

ఎదురెదురు స్టాళ్లవాళ్లకు ఇక్కడ ఒక పద్ధతి ఉంది, ఎవరూ రాసిపెట్టింది కాదు. ఒంటరిగా స్టాలు నడుపుకునేవాళ్లకు ఆకలేసినా, ఇంకో అవసరం వచ్చినా, లేచి వెళ్లడానికి ఉండదు. అప్పుడు ఎదుటివాళ్ల వైపు చూసి "కాస్త చూస్తుంటారా?" అంటారు. వాళ్లు "చూస్తుంటాను, వెళ్లిరండి" అంటారు. అంతే. రెండింట్లో ఎక్కడ జనం ఎక్కువుంటే అక్కడ కూర్చుని రెండోదాని మీద ఒక కన్ను వేసి ఉంచడం. పాత పెట్టెలాయనా నేనూ ఇన్నేళ్లూ ఒకరి స్టాలు ఒకరం ఇలా చూసుకున్నాం. ఇందులో ఒక చిక్కుంది, అది నాకు చాలాకాలం తట్టలేదు. ఆయన నా స్టాల్లో ఉన్నప్పుడు నేను ఉండను. నేను ఆయన స్టాల్లో ఉన్నప్పుడు ఆయన ఉండరు. మధ్యలో నడవాలో ఒక్కసారి ఎదురుపడతాం, ఇంటి తాళం చేతులు మారినట్టు రెండు మాటలు మారతాయి, ఎరుపు సంచి ఒకటి అమ్ముడైంది, రైళ్ల ఆట అడిగారు సాయంత్రం వస్తామన్నారు, అంతే, మళ్లీ ఎవరి బల్ల వెనక వాళ్లం. ఆయన్ని నేను ఆయన లేనప్పుడే ఎక్కువ తెలుసుకున్నాను. దారంతో బల్లకు కట్టేసిన పెన్సిలు. పాత చొక్కా గుండెభాగం కోసి కుట్టుకున్న దిండు, జేబు అలాగే ఉంది, అందులో కళ్లజోడు. కుట్టు వంకరగా ఉండేది, దర్జీ కూతుర్ని కదా, చేతులు దురదపెట్టేవి విప్పి సరిగా కుట్టడానికి. విప్పలేదు. నీళ్ల సీసాకు రబ్బరుబ్యాండు, ఎందుకని అడిగితే ఎప్పుడైనా పనికొస్తుందని అన్నారు, పనికి రావడం మాత్రం నేను చూడలేదు. పాత అట్టపెట్టెల వాసన, అది నా చున్నీకి పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. "ఏమ్మా, గోడౌన్లో పడుకున్నావా?" అని నాన్న అనేవాడు.

నాన్న. నాన్నకు ఈ మేళా అంటే ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు, అయినా దీనికోసం ప్రతి ఏడూ సంచులు కుడతాడు. ఒకే మిషను, ఒకే గది, వీధివైపు రేకు తలుపు, మా చదువులన్నీ ఆ మిషను కాలి కింద నుంచి వచ్చినవే. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసినవాళ్లలో నేనే మొదటిదాన్ని. పట్టా తెచ్చిన రోజున నాన్న దాన్ని చేత్తో తడిమి, కాగితం మందం చూసి, "మంచి గుడ్డే" అన్నాడు. ఆఫీసులో బిల్లులు సరిచూసే ఉద్యోగం వచ్చాక చెల్లెలి చదువు, తమ్ముడి చదువు, ఒకదాని తర్వాత ఒకటి, అవి అయ్యేసరికి మా పెద్దమ్మ నా పెళ్లి గురించి అడగడం మానేసింది. అడిగినన్నాళ్లు విసుగు, మానేశాక అదొక వెలితి. తమ్ముడే ఒకసారి కాలేజీ స్నేహితుల ఆట చూపించి, అక్కా, వీళ్లు పాచికలు పెట్టుకోవడానికి సంచులు వెతుక్కుంటారు, నాన్న దగ్గర ముక్కలు బోలెడు పడున్నాయిగా అన్నాడు. అలా మొదలైంది. ఇరవై ముఖాల పాచిక ఒకటి నాన్నకు చూపించాను, కొలతకు. చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. "ఇన్ని ముఖాలెందుకమ్మా దీనికి? దీన్ని చేసినవాడు రాజకీయాల్లో ఉండేవాడా?" అన్నాడు. కానీ అంత చక్కని వస్తువు జారిపోతే ఎలాగని, మొదటి విడత సంచులన్నిటికీ మూత పెట్టి, మూతకు కాజా తీసి, గుండీ కుట్టాడు. చొక్కా జేబులాగ, ఒక్కో గుండీ రాయిలాగ బిగించి. ఆటగాళ్లకు కావలసింది నాడా లాగితే మూసుకునే సంచి, చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకునేది. మాకేం తెలుసు. పాచిక అంటే బంగారంలాగ దాచుకునే వస్తువని నాన్న అనుకున్నాడు, నాన్న కుట్టాడంటే అది సరైనదని నేను అనుకున్నాను. ఆ మొదటి మేళాలో అందరూ నా సంచులు చేతిలోకి తీసుకోవడం, గుండీ చూడటం, నవ్వడం, పెట్టేయడం. రెండో రోజుకు నాకు ఏడుపొక్కటే తక్కువ. నాన్నకు ఏం చెప్పాలి, మీ గుండీ నవ్వులపాలైందని చెప్పనా?

అప్పుడు వచ్చారు ఆయన, నడవా దాటి. ఒక సంచి తీసుకుని గుండీని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పారు. ఎర్రది, నాలుగు కన్నాలది. "ఈ గుండీ ఒక్కటి అమ్ముతారా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "సంచి కొనండి, గుండీ ఊరికే వస్తుంది" అన్నాను. "సంచి నాకెందుకండీ, పాచికలు కూడా ఎరువు తెచ్చుకునేవాణ్ణి" అన్నారు. తర్వాత చెప్పారు. ఆయన ఇళ్లల్లో పారేసే పాత ఆటపెట్టెలు తెచ్చి, దుమ్ము తుడిచి, చిరిగిన మూలలు అతికించి, లోపల ఏమున్నాయో ఏం లేవో చూసి అమ్ముతారు. ఒక పెట్టెలో ఎర్ర పావు ఒకటి లేదు. ఈ గుండీ సరిగ్గా సరిపోతుంది. నేను బ్లేడుతో గుండీ ఊడదీసి ఇచ్చాను. నాన్న బిగించిన కుట్టు, ఊరికే రాలేదు, నా గోరు విరిగింది. ఆయన ఆ పెట్టె మీద చీటీ అంటించారు, ఇందులో ఎర్ర పావు ఒకటి పోయింది, బదులు గుండీ పెట్టాను అని. అన్ని పెట్టెల మీదా అలాగే పోయినవి పోయినట్టు రాసేవారు, దాచడం లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, గుండీలు ఒక పెద్దమనిషికి బాగా నచ్చాయి నాన్నా, విడిగా కావాలట అన్నాను. నాన్న మొహం విప్పారింది. మర్నాటినుంచి సంచులకు నాడాలు, గుండీలకు డబ్బా. అప్పటినుంచి ప్రతి మేళాకూ ఆ డబ్బా తెస్తాను. నాన్న చొక్కాలనుంచీ కోట్లనుంచీ పాత గుండీలు ఏరి అందులో వేస్తాడు, ఆకుపచ్చవి తక్కువున్నాయి మీ పెద్దమనిషికి చెప్పు అంటాడు. డబ్బా ఇప్పుడు కూడా నా బల్ల కింద ఉంది. ఈసారి మూత తీయలేదు.

పక్క నడవాలో ఎవరో గెలిచినట్టున్నారు, బల్ల మీద కొట్టిన చప్పుడు. ఓడినవాడు ఇంకా గట్టిగా నవ్వుతున్నాడు. ఓడి నవ్వేవాళ్లను ఇక్కడే చూశాను నేను. మా ఇళ్లల్లో ఓడటం అంటే ఫీజు కట్టలేకపోవడం, దాని మీద ఎవరూ నవ్వరు. నవ్వచ్చని మొదట నాకు చెప్పింది ఆయన గొంతే అనుకుంటాను. ఒకసారి నేను భోజనానికి వెళ్లి వస్తుంటే నా స్టాల్లోంచి ఆయన గొంతు, కొనేవాళ్లకు చెబుతున్నారు, "లోపల లైనింగు ఉందండీ, పాచిక కుట్టులో ఇరుక్కోదు, చెయ్యి పెట్టి చూడండి, కుట్టు లెక్క తప్పదు, మా నాన్నగారు కుట్టారు" అని. నా మాటలు, మొదటినుంచి చివరిదాకా. రోజంతా నడవాకు అటువైపు కూర్చుని వింటూ వింటూ అలాగే పట్టేశారు, మా నాన్నతో సహా. కత్తుల బాబాయి వదులుతాడా, "ఏమయ్యా, మీ నాన్న పోస్టుమాస్టరు కదా, దర్జీ ఎప్పుడయ్యాడు?" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సంచి కొన్నావిడకు ఏమీ అర్థం కాలేదు. నేను స్తంభం వెనక ఆగిపోయాను, బయటికి రాలేదు, చేతిలో మజ్జిగ గ్లాసు ఒలికిపోతున్నా. అక్కడ నిలబడి ఆ మాటను మళ్లీ మళ్లీ నాలో నేను అనుకున్నాను. మా నాన్నగారు కుట్టారు. ఏ మాటతో ఎవరు ఎవరింట్లోకి వస్తారో చెప్పలేం. నేను ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి అందులో ఏముంది, ఒక మనిషి నోరు జారాడు. కానీ ఆఫీసులో బిల్లుల మీద ఠప్పా కొడుతున్నప్పుడు, బస్సులో నిలబడినప్పుడు, చాలా రోజులు ఆ మాట దానంతటదే వచ్చి పక్కన కూర్చునేది.

పోయినసారి చివరి రోజున కూడా ఇదే వేళ. ఆయన కొంచెం మామూలుగా లేరు. "వచ్చేసారి ఉంటానో లేదో అండీ. మా బావగారు మంచం పట్టారు, మా అక్క దుకాణం కాస్త చూస్తుండాలి" అన్నారు. ఇనుపసామాను దుకాణం, ఎక్కడో దూరం. కాస్త చూస్తుండాలి, అదే మాట, మేము ఒకరికొకరం అనుకునే మాట. నేను తలూపాను. బాధ్యతలంటే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కయ్యలు ఎంత చేస్తారో అక్కయ్యగా నాకు తెలుసు, వెళ్లొద్దని అనే నోరు నాకు లేదు, ఆ నోరు ఉండాల్సిన చుట్టరికమూ లేదు. ఇంకేదో చెప్పబోయి, "ఒక్క గంట చూస్తుంటారా, బండివాడితో మాట్లాడి వస్తాను, వచ్చాక చెప్తాను" అని వెళ్లారు. ఆ గంటలోనే మేడంగారు పటం పట్టుకుని వచ్చారు. ఆయన లేరా, వచ్చేసారి ఉంటారా అని అడిగారు. నేను ఆయన స్టాల్లో, ఆయన పెట్టెల మధ్య. "ఉంటారు. ఇదే చోటు" అన్నాను. ఎవరి తరఫునైనా ఒక మాట అనేయడం నా జన్మలో అదే మొదలు. ఆవిడ గీత గీసుకుని వెళ్లిపోయారు. ఆయన వచ్చాక చెప్పాను, భయపడుతూనే. కాసేపు నా వైపు చూశారు. "చెప్పేశారా? అయితే రావాలి, మీ మాట పోకూడదు కదా" అన్నారు. నవ్వారు కూడా. బండి వచ్చింది, పెట్టెలు ఎక్కించడానికి ఇద్దరు వచ్చారు, మా బ్యానరుకు నిచ్చెన వచ్చింది. వచ్చాక చెప్తానన్న మాట ఆ హడావిడిలో ఎక్కడో పెట్టెల కింద పడిపోయింది.

నంబరు లేక కాదు. ఉంది. ఒకసారి చేశాను కూడా, ఈ మేళాకు ముందు, ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి. ఆడగొంతు ఎత్తింది, వెనక ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. "వాడు కొట్లో బేరంలో ఉన్నాడమ్మా, ఎవరని చెప్పను?" అంది ఆవిడ. ఎవరని చెప్పాలి. ఎదురు స్టాలు అంటే ఆవిడకేం తెలుస్తుంది. "గుండీలండీ" అన్నాను. "గుండీలా? మాది ఇనుప కొట్టమ్మా, గుండీలు ఉండవు" అంది, పాపం ఎంతో మర్యాదగా. సరేనండీ అని పెట్టేశాను. ఆ తర్వాత ఆవిడ ఆయనతో ఆ మాట చెప్పిందో లేదో. ఎవరో గుండీలడిగారురా అని అన్నం పెడుతూ చెప్పి ఉండొచ్చు. చెబితే ఆయన ముద్ద ఆపి ఉండొచ్చు. ఆపి, మళ్లీ తినేసి ఉండొచ్చు. ఆ కొట్లో ఆయన ఎలా ఉంటారో ఊహించుకుంటాను, ఎవరైనా పాత తలుపుకు మరమేకు పోయిందని వస్తే సరిగ్గా అదే లేకపోయినా ఏదో ఒకటి వెతికి, ఇది బదులు అని చెప్పి మరీ ఇస్తూ ఉంటారు.

ఏదో ఆటలోని వేషానికి అట్టముక్కలతో పెద్ద రెక్కలు కట్టుకున్న ఒకాయన నడవాలో ఇరుక్కుపోయాడు. అటు కత్తుల బాబాయి డాళ్లు, ఇటు ఈ బల్ల. "కాస్త జరుగుతారా అక్కా, లేకపోతే ఎగరాలి" అన్నాడు. లేచాను. బల్లను వెనక్కి నెట్టి, స్టూలును ఎడమవైపు మూలకు ఈడ్చాను. సిమెంటు నేల మీద కర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇన్నేళ్లూ నడవాకు అటువైపు కూర్చుని విన్న చప్పుడే. ఎప్పుడు ఆయన స్టాలు చూడటానికి వచ్చినా ఆ స్టూలు ఇదిగో ఈ మూలే ఉండేది, పెట్టెల గుట్ట వెనక, డబ్బులపెట్టెకు దూరంగా, కొనేవాళ్లకు చెయ్యి అందనంత దూరంగా. దుకాణదారు కూర్చునే చోటేనా అది? నేను వచ్చీ రాగానే దాన్ని మధ్యకు జరిపేదాన్ని. ఆయన తిరిగిరాగానే కర్రుమని మళ్లీ మూలకు ఈడ్చుకునేవారు. "ఆ మూలేంటండీ, బేరానికి అడ్డం కాదూ?" అని ఒకసారి మందలించాను కూడా. "అలవాటైపోయిందండీ" అన్నారు. మొండిమనిషి అనుకున్నాను. రెక్కలాయన పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, దాటి వెళ్లిపోయాడు. నేను ఆ మూలలో స్టూలు మీద కూర్చుని తల ఎత్తాను.

ఈ నడవా మధ్యలో కప్పును మోసే ఒక లావుపాటి స్తంభం ఉంది. ఈ స్టాల్లో బల్ల వెనక ఇంకెక్కడ కూర్చున్నా ఆ స్తంభం అడ్డం వచ్చి నా స్టాలు సగం కూడా కనపడదు, ఒక పక్క సంచులు వేలాడే కొక్కెం, ఇంకో పక్క బ్యానరు అంచు, అంతే. ఇన్నేళ్లూ మధ్యలో కూర్చుని మెడ సాచి సాచి నా స్టాలు మీద కన్ను వేసేదాన్ని. ఈ మూలనుంచి స్తంభం లేదు. తప్పుకుంది. నా కుర్చీ కనబడుతోంది, నాన్న కుట్టిన పసుపుపచ్చ దిండుతో సహా, నేను మోచేతులు పెట్టుకునే బల్ల అంచు, అక్కడ గుడ్డ నలిగిన గుర్తు, నేను తల ఆనించుకునే వెనక కర్ర. ఇంకేమీ కనబడటం లేదు. సంచులు కనబడవు, కొనేవాళ్లు కనబడరు, డబ్బులపెట్టె కనబడదు. ఒక మనిషి కూర్చునే చోటు ఒక్కటే, పటం కట్టినట్టు, దాని మీద కప్పులో బిగించిన అద్దంలోంచి పడే వెలుతురు. ఇప్పుడది ఖాళీగా ఉంది. ఈ హాలంతటిలో ఆ కుర్చీ ఖాళీగా ఉండటం చూడగలిగిన చోటు ఇదొక్కటే. ప్రతిసారీ నేను జరిపేశాను. నేనే. ఆయన ప్రతిసారీ వచ్చి ఈడ్చుకున్నారు. పేకముక్కలు పంచుతున్న చప్పుడు ఎక్కడినుంచో, సన్నగా, ఆగకుండా. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, ఏం చేసుకోవాలో తెలియలేదు వాటితో. ఏడుపు రాలేదు. ఉందనుకోని మెట్టు ఒకటి దిగినట్టయింది.

ఇప్పుడెలా వదులుతాను ఈ చోటు? నేను ఉన్నన్నాళ్లూ ఇది ఉండాలి, ప్రతి మేళాకూ ఉంటారు ఉంటారు అని చెబుతాను, తెల్లగుడ్డ పరిచి కాపలా కాస్తాను, కత్తులు ఆరబెట్టనివ్వను అనుకున్నాను. అనుకుంటుండగానే ఆయన గొంతే అడ్డం వచ్చింది. ఒక ముసలాయన ప్రతి మేళాకూ ఒక పెట్టె పట్టుకుని వచ్చేవాడు. భార్యతో ఆడుకున్న ఆట, అందులో ఒక నీలం పావు పోయింది. పెట్టెలాయన గుండీ ఇస్తానంటే వద్దనేవాడు, పూస ఇస్తానంటే వద్దనేవాడు, అసలుదే కావాలి, దొరికేదాకా మూత తీయను అనేవాడు. "అసలుది దొరికేదాకా ఆడనంటే పెట్టె బీరువాలోనే ముసలిదైపోతుంది తాతగారూ. మీ మనవలు దేనితో ఆడుకుంటారు? బదులంటే పోయినదాన్ని మరిచిపోవడం కాదు. ఆట ఆగకుండా ఉండటం" అన్నారు ఆయన. తాతగారు చివరికి ఒప్పుకున్నాడు, నా డబ్బాలోంచి నీలం గుండీ నేనే ఏరి ఇచ్చాను. అది నాన్న పెళ్లికోటుది.

"అక్కా." రంగుల అమ్మాయి. బొటనవేలంత ఆటబొమ్మలకు రంగులు వేసి అమ్ముతుంది, గోళ్లనిండా రంగే. పొద్దుటినుంచి నాలుగుసార్లు ఇటు వచ్చి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. "అక్కా, మేడంగారు మిమ్మల్ని అడగమన్నారు. మీకు కష్టమైతే వద్దులెండి. అక్కడ చెత్త డబ్బా మూత తీసినప్పుడల్లా కొనేవాళ్లు నా బొమ్మల వైపు అనుమానంగా చూస్తున్నారు" అంది. నవ్వొచ్చింది నాకు. ఆ పిల్ల వెనకే మేడంగారు, చేతిలో పటం, చెవి మీద పెన్సిలు. ఏమంటారు అన్నట్టు చూశారు. కత్తుల బాబాయి చేతిలో కత్తి తుడవడం ఆపేశాడు. నేను స్టూలు మీదనుంచి లేచాను.

"ఈ అమ్మాయికి ఇచ్చేయండి" అన్నాను. నా గొంతు మామూలుగానే వచ్చింది. మేడంగారు గీత కొట్టి, గీత గీసి, వెళ్లిపోయారు. ఎంతసేపని. రంగుల అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, చేతికి కొంచెం నీలం అంటింది. "ఒక్కటి చెప్తాను విను" అన్నాను. "స్టూలు ఈ మూలే వేసుకో. బేరానికి ఇబ్బందే, నాకు తెలుసు. ఇక్కణ్ణుంచయితేనే నా స్టాలు కనపడుతుంది. నేను లేనప్పుడు చూడాలి కదా." "అలాగే అక్కా" అంది, తడుముకోకుండా. వెంటనే, "ఈ మిగిలిన కాసేపైనా ఇక్కడే పెట్టుకుంటానక్కా, పోయి బొమ్మలు తెచ్చుకుంటాను. కాస్త చూస్తుంటారా?" అంది. "చూస్తుంటాను, వెళ్లిరా" అన్నాను. చూడటానికి ఇక్కడేముందని ఇద్దరికీ తట్టలేదు. అది పరుగెత్తింది. కత్తుల బాబాయి ఒక చిన్న చెక్క డాలు తెచ్చి తెల్లగుడ్డ మీద పెట్టి, "బోణీకి" అని వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఆ మూలే కూర్చున్నాను. ఎదురుగా నా కుర్చీ. కట్టలు కట్టాలి, గుడ్డ దులపాలి, నిచ్చెన అడగాలి, నా సంచుల దగ్గర ఎవరో ఇక్కడెవరూ లేరా అని పిలుస్తున్నారు. వెళ్తాను. ఆ పిల్ల వచ్చాక వెళ్తాను. ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఇంకోసారి ఫోను చేస్తానేమో, ఎవరని చెప్పను అంటే ఈసారి చెప్పగలనేమో, తెలియదు.

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఒక పాత ఆటపెట్టె ఉండే ఉంటుంది. ఎప్పుడైనా దించి, దుమ్ము దులిపి, మూత తీయండి. పావుల మధ్య ఒక గుండీ కనబడితే పొరపాటున పడిందని తీసేయకండి. అది ఎవరో కావాలని పెట్టింది. దాన్ని కూడా గడిలో నిలబెట్టి, మిగిలినవాటితోపాటే కదపండి. మీ వంతు వచ్చి దాన్ని వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు, ఆ ఒక్క క్షణం, పాత పెట్టెలాయన్ని తలచుకోండి.